టేపు ముక్కలలో పుట్టిన సంగీతము

టేపుల కాలమున రేడియో నిలయములలో కత్తిరించుట యనగా దోషమును తొలగించుటయే. వక్త దగ్గెనా, గాయకుడు తడబడెనా, ఆ ముక్క చెత్తబుట్టలో పడెడిది. ఆ పనినే సంగీతరచనగా మార్చిన జర్మను బృంద మొకటి కలదు.

దాని పేరు ‘క్యాన్’. 1968లో కొలోన్ నగరమున ఏర్పడినది. బాస్ గిటారు వాయించిన హోల్గర్ చూకై, కీబోర్డు వాయించిన ఇర్మిన్ ష్మిట్ ఇరువురును ఆధునిక స్వరకర్త స్టాక్‌హౌజెన్ శిష్యులు. డ్రమ్ముల వాద్యకుడు యాకి లీబెట్సైట్ జాజ్ నుండి వచ్చినవాడు. గిటారు వాయించిన మిఖాయెల్ కరోలి వయసున చిన్నవాడు, చూకై వద్ద నేర్చినవాడు. ఇక గాయకుడో! 1970లో మ్యూనిక్ వీధిలో పాడుచుండిన డామో సుజుకీ అను జపాను యువకుని చూచి, ఆ రాత్రియే తమ కచేరీలో పాడుమనిరి. అతడు పాడెను, బృందమున నిలిచిపోయెను.

వీరి ‘టాగో మాగో’ 1971లో రెండు రికార్డుల సంపుటముగా వెలువడెను. కొలోన్ సమీపమున నోర్వెనిష్ అను ఊరి కోటయే వీరి స్టూడియో. రెండు ట్రాకుల టేపురికార్డరు మాత్రమే ఉండుటచే, ఒక్కొక వాద్యమును విడిగా పట్టి పిమ్మట పాళ్లు సరిచూచుకొను వీలు లేదు. అందరును కలసి గంటల తరబడి వాయించెడివారు. చూకై ఆ టేపులనుండి పనికివచ్చు భాగముల నేరి, కత్తిరించి, అతికించెడివాడు. వాయించునపుడు ఎవరి మనసునను లేని నిర్మాణము ఆ బల్లపై ఏర్పడెడిది. ఒక ముఖమంతయు నిండిన, 18 నిమిషములకు మించిన ‘హల్లెలువా’ అట్టిదే.

అతుకు తెలియకుండుటకు కారణము నా ఉద్దేశములో లీబెట్సైట్. అతడు మాన్‌ఫ్రెడ్ షూఫ్ బృందమున ‘ఫ్రీ జాజ్’ వాయించి విసిగినవాడు. స్వేచ్ఛ యను పేర అక్కడ పునరుక్తికే నిషేధము! అతనికి అదియే సంకెల యనిపించెను. దానిని వీడి, ఒకే వరుసను మరల మరల, గడియారపు నడకతో వాయించు మార్గము పట్టెను. నడక మారనపుడు ముందటి ముక్క వెనుకటి ముక్కకు అతుకును గదా.

మూడవ ముఖమున నున్న ‘ఔమ్‌గ్న్’ కథ వేరు. ఆ పేరు మన ఓంకారమునకు ఇంగ్లండు మాంత్రికుడు అలిస్టర్ క్రౌలీ కల్పించిన రూపాంతరము. ధ్యానము నాశించిన శ్రోతకు ఎదురగునది భయము: సాగదీసిన ష్మిట్ కంఠము, ప్రతిధ్వనులు, తుదకు డ్రమ్ముల దాడి. మొదటిసారి నేను సగములో ఆపివేసితిని.

తొలుత ఒక్క రికార్డే తలపెట్టిరట. ఈ విపరీత ప్రయోగములను కూడ చేర్చి రెండుగా వెలువరింపవలెనని పట్టుపట్టినది ష్మిట్ భార్య హిల్డెగార్డ్. ఆమె పట్టు లేనిచో మనకు ఒక మంచి రాక్ రికార్డు దక్కెడిది; ఆ బృందము ఎంతవరకు పోగలదో మాత్రము తెలిసెడిది కాదు.

క్రొత్తగా వినువారు రెండవ ముఖముతో ఆరంభింపుడు. మూడవదానిని పగటిపూట వినుట మేలు.