అడ్మిషన్ల సలహాదారు ఎవరి పక్షం?

న్యూఢిల్లీ: కాలేజీలో సీటు చూపించే సలహాదారుకు డబ్బు రెండు వైపుల నుంచి అందే అవకాశం ఉన్నది. ఒకటి తల్లిదండ్రులు చెల్లించే రుసుము. రెండవది విద్యార్థిని చేర్చుకున్న విద్యాసంస్థ ఇచ్చే కమిషన్. మొదటిదానికి రశీదు ఉంటుంది. రెండవది చాలా సందర్భాలలో తల్లిదండ్రుల దృష్టికే రాదు. కోచింగ్ కేంద్రాల నియంత్రణకు కేంద్రం 2024లో రెండు పర్యాయాలు మార్గదర్శకాలు జారీచేసినా, ఈ సలహా వ్యాపారం వాటి పరిధికి వెలుపలే ఉండిపోవడం గమనార్హం.

16 ఏళ్లు నిండని విద్యార్థులను కోచింగ్ కేంద్రాలు చేర్చుకోరాదని, మధ్యలో మానుకున్నవారికి మిగిలిన కాలానికి రుసుమును 10 రోజులలో తిరిగి చెల్లించాలని కేంద్ర విద్యా మంత్రిత్వ శాఖ 2024 జనవరిలో సూచించింది. సీటు ఖాయమంటూ ప్రకటనలు ఇవ్వరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అదే ఏడాది నవంబర్ 13న ఆదేశించింది. అయితే రెండు పత్రాలలోనూ 'కోచింగ్' నిర్వచనం నుంచి క్రీడలు, నృత్యం, నాటకాలతోపాటు కౌన్సెలింగ్‌ను కూడా మినహాయించారు. మోసపోయిన కుటుంబం వినియోగదారుల కమిషన్‌ను లేదా పోలీసులను ఆశ్రయించవచ్చు. కానీ అది నష్టం జరిగిన తరువాతి మాట.

తెలుగు విద్యార్థుల అనుభవం

ఈ నష్టం ఎంతటిదో తెలుగు కుటుంబాలకు కొత్తగా చెప్పనక్కరలేదు. కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీని అమెరికా అధికారులు 2011 జనవరిలో మూసివేయించినప్పుడు వీధిన పడిన విద్యార్థులలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్‌కు చెందినవారే. కొందరి కాళ్లకు రేడియో పరికరాలు తగిలించడంపై న్యూఢిల్లీ నిరసన తెలిపింది. కొత్త విద్యార్థిని చేర్పించినవారికి ఆ విద్యార్థి ఫీజులో 20 శాతం ముట్టజెప్పే పద్ధతి అక్కడ నడిచినట్లు దర్యాప్తులో వెల్లడైంది. సంస్థ అధిపతికి 2014లో 16 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది.

ఎనిమిదేళ్ల తరువాత మిషిగన్‌లో మరో ఉదంతం చోటుచేసుకున్నది. ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరిట అమెరికా అధికారులే రహస్యంగా నెలకొల్పిన నకిలీ సంస్థలో చేరిన 130 మందిని 2019 జనవరి చివరలో నిర్బంధించగా, వారిలో 129 మంది భారతీయులు. విద్యార్థులను చేర్పించి డబ్బు పుచ్చుకున్నారన్న అభియోగంపై ఎనిమిది మందిపై కేసు నమోదైంది. విదేశాంగ శాఖ ఫిబ్రవరి 2న ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయానికి నిరసన పత్రం అందజేసింది. రెండు ఉదంతాలలోనూ విద్యార్థికి దారి చూపినవారికి తలకు ఇంత చొప్పున లాభం ముట్టింది.

ఢిల్లీలో పరిస్థితి

విదేశీ చదువులకే ఈ ప్రమాదం పరిమితం కాదు. యూజీసీ 2023 ఆగస్టులో ప్రకటించిన 20 నకిలీ విశ్వవిద్యాలయాలలో ఎనిమిది ఢిల్లీలోనివే, ఆంధ్రప్రదేశ్‌లోనివి రెండు. ఢిల్లీ విశ్వవిద్యాలయం 2022 నుంచి రెగ్యులర్ డిగ్రీ సీట్లను ప్రధానంగా సీయూఈటీ మార్కుల ఆధారంగా ఉమ్మడి కేటాయింపు ద్వారా భర్తీ చేస్తున్నది. అక్కడ సీటు 'ఇప్పించే' అధికారం ఏ సలహాదారుకూ లేదు. ఢిల్లీలోని ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలలో యాజమాన్య కోటాను 2007 నాటి చట్టం 10 శాతానికి పరిమితం చేసి, క్యాపిటేషన్ ఫీజును నిషేధించింది. కనుక యాజమాన్య సీటు పేరిట రశీదు లేని సొమ్ము అడిగేవారు చట్టవిరుద్ధమైన బేరానికి పిలుస్తున్నట్లే.

ఇతర దేశాల నిబంధనలు

విద్యార్థులను చేర్పించినందుకు తలకు ఇంతని కమిషన్ చెల్లించడాన్ని, ప్రభుత్వ సహాయం పొందే కళాశాలల విషయంలో అమెరికా 1992లోనే నిషేధించింది. అయితే ఆ సహాయానికి అర్హత లేని విదేశీ విద్యార్థులకు ఈ నిషేధం వర్తించదు. అమెరికా పిల్లలకు దొరికిన రక్షణ భారతీయ విద్యార్థికి దొరకలేదన్నమాట. బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లాండ్ 2012లో లండన్‌లో ఏజెంట్ల కోసం ఏడు సూత్రాలను ఆమోదించాయి. నిజమైన, తాజా సమాచారం ఇవ్వడం, విద్యార్థితో లిఖిత ఒప్పందం కుదుర్చుకోవడం, మైనర్ల ప్రయోజనాలను కాపాడడం వాటిలో ముఖ్యమైనవి. విద్యాసంస్థల నుంచి ఎలాంటి ప్రతిఫలమూ పుచ్చుకోరాదన్నది అమెరికాలోని స్వతంత్ర విద్యా సలహాదారుల సంఘం విధించుకున్న నియమం.

కమిషన్ తీసుకున్న ప్రతి సలహాదారూ మోసగాడు కాడు. వీసా పత్రాల తతంగం తెలియని కుటుంబానికి అనుభవజ్ఞుని సాయం అవసరమే. అయితే ఏ సంస్థ నుంచి ఎంత ముడుతున్నదో ముందే చెప్పడం నిజాయితీకి తొలి గుర్తు. కమిషన్ ఇవ్వని కళాశాలలను కూడా జాబితాలో చేర్చడం, ఫీజుతోపాటు వసతి, భోజనం, వీసా ఖర్చులను కలిపి చూపడం, కుటుంబ స్తోమతకు మించిన అప్పును వారించడం సమర్థుడైన సలహాదారు చేసే పనులు. దరఖాస్తు వ్యాసం విద్యార్థే రాయాలి. సలహాదారు దిద్దవచ్చును గాని రాసిపెట్టరాదు. దరఖాస్తు ఖాతా, పాస్‌వర్డ్, అసలు సర్టిఫికెట్లు విద్యార్థి చేతిలోనే ఉండాలి. వచ్చిన ప్రవేశపత్రాన్ని నేరుగా విశ్వవిద్యాలయంతోనే సరిచూసుకొమ్మని సలహాదారే చెప్పాలి.

ఇవేవీ వ్యయంతో కూడిన సంస్కరణలు కావు. కౌన్సెలింగ్‌ను మినహాయించిన ఆ ఒక్క పదాన్ని కేంద్రం సవరించి, కమిషన్ వెల్లడిని తప్పనిసరి చేసినా చాలావరకు మేలు జరుగుతుంది. అంతవరకు రుసుము చెల్లించే ముందు 'మీకు ఇంకెవరు చెల్లిస్తున్నారు?' అని అడిగి, జవాబును కాగితంపై రాయించుకోవడమే తల్లిదండ్రులకు మిగిలిన రక్షణ.