పిడి కుదిరితే పని కుదిరినట్టే!

తోలు కుట్టే ఆరెకు పిడి చేయడం చిన్న పనే. కానీ కొలత, కర్ర గుణం, వాడేవారి అవసరం... ఈ మూడూ ఒకేసారి నేర్పే పని. నర్సీపట్నం చుట్టుపక్కల యువతకు ఇది చేతికందే దూరంలోనే ఉంది.

‘మీ చేత్తో మీరు తయారుచేసిన వస్తువు ఏదైనా ఉందా?’ డిజైన్, తయారీ రంగాల ఇంటర్వ్యూల్లో ఈ ప్రశ్న ఎదురైతే చాలామంది నీళ్లు నములుతారు. సర్టిఫికెట్లు ఫైలు నిండా ఉంటాయి, చూపించడానికి వస్తువు మాత్రం ఉండదు. ఆ లోటు తీర్చుకోవడానికి పెద్ద వర్క్‌షాపు అక్కర్లేదు. అర చేతిలో పట్టే ఒక కర్ర పిడితో మొదలుపెట్టొచ్చు.

ఆరె అంటే?

చెప్పులు కుట్టేవారి చేతిలో కర్ర పిడి, ఉక్కు మొన ఉన్న పనిముట్టు కనిపిస్తుంది కదా, అదే ఆరె. గోనె సంచులు కుట్టే దబ్బనానికి దగ్గరి చుట్టం అనుకోండి. మందపాటి తోలులో సూది నేరుగా దిగదు. ముందు ఆరెతో దారి చేయాలి.

ఇందులో రెండు రకాలు ముఖ్యం. మొదటిది, మొన దగ్గర చిన్న గాటు ఉండేది. తోలులోంచి దించి, గాటుకు దారం తగిలించి వెనక్కి లాగుతారు. మన వీధుల్లో మరమ్మతులకు ఎక్కువగా వాడేది ఇదే. రెండోది, గాటు లేకుండా, అడ్డంగా కోస్తే డైమండ్ ఆకారంలో కనిపించే మొన ఉన్నది. బ్యాగులు, బెల్టులు, పర్సులు చేత్తో కుట్టేవారు దీంతో రంధ్రం చేసి, రెండు సూదులతో కుడతారు.

ఈ రెండు సూదుల కుట్టునే శాడిల్ స్టిచ్ అంటారు. గుర్రపు జీన్లు కుట్టే పనిలోంచి వచ్చిన పేరు. ఒకే దారం రెండు చివరలా రెండు సూదులు కట్టి, ప్రతి రంధ్రంలోంచి రెండువైపులా పంపుతారు. ఒకచోట దారం తెగినా, రెండోవైపు నుంచి వచ్చిన దారం పట్టు విడవదు. మామూలు కుట్టు మిషన్‌లో పైదారం, కిందిదారం మధ్యలో మెలిపడతాయి కాబట్టి ఒకటి తెగితే అక్కడి నుంచి ఊడుతూ పోతుంది. 1837లో ప్యారిస్‌లో గుర్రపు జీను సామాన్ల దుకాణంగా మొదలైన హెర్మెస్ కంపెనీ ఇప్పటికీ ఈ చేతికుట్టునే తన గొప్పగా చెప్పుకొంటోంది.

చేతిని బట్టి పిడి

చేతికుట్టులో ఒక చిన్న బ్యాగుకే వందల రంధ్రాలు చేయాలి. పిడి కుదరకపోతే మొదట నొప్పి పెట్టేది అరచెయ్యి, తర్వాత మణికట్టు. చెయ్యి అలిసిందంటే కుట్టు వంకర పోతుంది. అందుకే పిడి కొనేవారైనా, చేసేవారైనా ఈ అయిదూ చూసుకోవాలి.

పొడవు: పిడి వెనక భాగం అరచేతి గుంటలో ఆనాలి. బొటనవేలు, చూపుడువేలు మొన మొదలయ్యే చోటికి చేరాలి. చాలామందికి 8 నుంచి 10 సెంటీమీటర్లు సరిపోతుంది.

లావు: శాడిల్ స్టిచ్ వేసేవారు ఆరెను మాటిమాటికీ కింద పెట్టరు. చివరి మూడు వేళ్లతో దాన్ని అరచేతిలో ఇరికించుకుని, మిగతా రెండు వేళ్లతో సూది పడతారు. పిడి మరీ లావైతే ఇది కుదరదు. గుడ్డు ఆకారంలో, లావు ఉన్నచోట 3 సెంటీమీటర్ల దగ్గర మొదలుపెట్టి, మీ చేతిని బట్టి తగ్గించుకోండి.

చదును: పిడి పూర్తి గుండ్రంగా ఉంటే బల్ల మీది నుంచి దొర్లి, మొన పాడవుతుంది. ఒకవైపు కొంచెం చదును చేస్తే దొర్లదు. డైమండ్ మొన ఏ వైపు తిరిగి ఉందో చూడకుండానే వేళ్లకు తెలుస్తుంది కూడా. రంధ్రాలన్నీ ఒకే వాలులో పడాలంటే ఇది చాలా అవసరం.

మొన పొడవు: పిడి బయటికి 4 సెంటీమీటర్ల వరకు ఉంటే చాలు. ఎక్కువైతే మందపాటి తోలులో వంగుతుంది.

పొన్ను: రోకలి చివర ఇనప పొన్ను ఎందుకు వేస్తారు? దంచినప్పుడు కర్ర చీలకుండా. ఆరె పిడికీ అంతే. మొన దిగే చోట లోహపు పొన్ను లేకపోతే, ఎంత మంచి కర్ర అయినా ఏదో ఒకరోజు చీలుతుంది.

కొలత తెలుసుకోవడానికి తేలిక మార్గం ఒకటుంది. బంకమట్టి ముద్దను ఆరె పట్టుకున్నట్టు గుప్పిట్లో నొక్కి, ఆరనివ్వండి. అదే మీ నమూనా. వేరేవాళ్ల కోసం చేస్తుంటే వాళ్ల చేత నొక్కించండి. ‘వాడేవారిని ముందు అర్థం చేసుకో’ అని డిజైన్ కోర్సులు చెప్పే మొదటి పాఠం ఇక్కడ మట్టి ముద్దతో అయిపోతుంది.

ఏ కర్ర మంచిది?

కొత్త కర్ర కొట్టక్కర్లేదు. సామిల్లులో, వడ్రంగి షెడ్డులో మిగిలిన ముక్కలు చాలు. జామ కర్ర గట్టిగా, సన్నని పోగుతో ఉంటుంది. పెరట్లో కొమ్మలు కొట్టినప్పుడు దాచుకోవచ్చు. నల్లతుమ్మ మన రైతుల పనిముట్లకు పాత నేస్తం. చింత చేవ బాగా గట్టిది, చెక్కడం కష్టం గానీ చాలాకాలం మన్నుతుంది. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర తేలిక, మెత్తన. చెక్కడం నేర్చుకునేవారికి అనుకూలం. కాకపోతే పొన్ను తప్పనిసరి.

ఏ కర్ర అయినా బాగా ఆరాలి. పచ్చి కర్రతో చేస్తే ఆరాక కుంచించుకుపోయి పొన్ను ఊడుతుంది. ఆరిందో లేదో ఎలా తెలుస్తుంది? ముక్కను నీడలో ఉంచి, వారానికోసారి వంటింటి కాటా మీద తూచి రాసుకోండి. బరువు తగ్గడం ఆగితే ఆరినట్టే.

ఇలా చేయండి

1. సుమారు 3.5 సెంటీమీటర్ల చదరం, 12 సెంటీమీటర్ల పొడవు ముక్క తీసుకోండి. పోగు పొడవు వెంట తిన్నగా ఉండాలి. కణుపులు, పగుళ్లు ఉంటే పక్కన పెట్టేయండి.

2. చివర మూల నుంచి మూలకు గీతలు గీస్తే మధ్య బిందువు తెలుస్తుంది. ముందు రంధ్రం, తర్వాతే ఆకారం. ఆకారం చెక్కాక రంధ్రం వేస్తే అది కొంచెం పక్కకి పోయినా మొన వంకరగా కూర్చుంటుంది.

3. రంధ్రం లావు, మొన వెనక ఉండే తోక మధ్యభాగం మందానికి సమానంగా ఉండాలి. అదే కర్ర వ్యర్థపు ముక్క మీద ముందు పరీక్షించండి.

4. లేత్ ఉంటే తిప్పుతూ చెక్కొచ్చు. లేకపోతే కత్తి, ఆకురాయి, గరుకు కాగితం చాలు. టైము ఎక్కువ పడుతుంది, అంతే.

5. ముందు భాగాన్ని పొన్ను పట్టేంత సన్నం చేయండి. ఏసీ మెకానిక్ దగ్గర మిగిలిన రాగి గొట్టం ముక్క మంచి పొన్ను అవుతుంది. బిగువుగా, తట్టి దింపితేనే దిగేలా ఉండాలి.

6. మొన పైకి చూసేలా కాదు, తోక పైకి చూసేలా వైస్‌లో బిగించండి. మధ్యలో తోలు ముక్క పెట్టి బిగిస్తే మొన పాడవదు. దాని మీద పిడిని నిలబెట్టి కర్ర సుత్తితో మెల్లగా తట్టండి. రెండు దెబ్బలకోసారి తిన్నగా దిగుతోందో లేదో చూడండి.

7. చివరగా గరుకు కాగితం పట్టి, అవిసె నూనె లేదా తేనె మైనం రుద్దండి. నిగనిగలాడే వార్నిష్ చూడ్డానికి బాగుంటుంది, చెమట చేతిలో జారుతుంది.

జాగ్రత్త! లేత్ దగ్గర చున్నీ, వదులు చొక్కా, విరబోసిన జుట్టు వద్దు. కళ్లద్దాలు పెట్టుకోవాలి. ఆరెతో పొడిచేటప్పుడు తోలు వెనక చెయ్యి పెట్టకండి, బెండు ముక్క పెట్టండి. పొడవడానికి బలం ఎక్కువ పెట్టాల్సి వస్తోందంటే తప్పు పిడిది కాకపోవచ్చు. ముందు మొనకు పదును ఉందో లేదో చూడండి.

పక్క ఊళ్లోనే గురువులు

నర్సీపట్నం నుంచి జాతీయ రహదారి వైపు దిగితే, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. కర్రను తిప్పుతూ చెక్కడం, తిరుగుతున్న కర్రకే లక్క రంగు పట్టించడం ఇక్కడి విద్య. లక్క కడ్డీని తిరిగే కర్రకు అదిమితే, ఆ రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక్కడ సహజ రంగుల పనికి ప్రాణం పోసిన సి.వి.రాజు 2023లో పద్మశ్రీ అందుకున్నారు. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం మీద నిలిచినవీ ఈ బొమ్మలే.

బొమ్మలు చెక్కే అదే చేతి పని పనిముట్ల పిడులకూ పనికొస్తుంది. చెయ్యి పట్టుకునే చోట నూనె, వెనక చివర రెండు లక్క గీతలు... ఇలాంటి పిడి ఎవరిదో చూడగానే గుర్తుపట్టొచ్చు. ఒక్క మాట మాత్రం మరవద్దు. భౌగోళిక గుర్తింపు ఉన్న పేరును నమోదైన వినియోగదారులే వాడుకోవాలి. మీరు చేసిన ప్రతి లక్క పిడినీ ‘ఏటికొప్పాక’ అని అమ్మకూడదు. అక్కడి కళాకారులతో కలిసి పనిచేయడమే సరైన దారి.

లెక్క కూడా నేర్చుకోవాలి

పిడులు మాత్రమే చేసి ఇల్లు నడుస్తుందా? నిజాయతీగా చెప్పాలంటే కష్టం. కొనేవాళ్లు తక్కువమంది. తోలు వస్తువులు చేత్తో కుట్టేవారు, డిజైన్ విద్యార్థులు, చెప్పుల మరమ్మతుదారులు, పుస్తకాల బైండింగ్ చేసేవారు. కానీ ధర ఎలా వేయాలో నేర్చుకోవడానికి ఇంతకంటే తేలిక ఉదాహరణ దొరకదు.

ఉదాహరణకు ఒక పిడికి కర్ర ₹20, పొన్ను ₹15, నూనె, గరుకు కాగితం ₹15, మీ గంట పని ₹100 అనుకుందాం. మొత్తం ₹150. అయిదు చేస్తే ఒకటి చీలిపోయిందనుకోండి. ₹750 ఖర్చు నాలుగింటి మీద పడుతుంది. అంటే ఒక్కోటి ₹187.50. ₹160కి అమ్మి ‘పది రూపాయలు మిగిలింది’ అనుకునేవారు నిజానికి ₹27.50 పోగొట్టుకుంటున్నారు. ప్యాకింగ్, కొరియర్ ఇంకా కలపనేలేదు. చిన్న వ్యాపారాలు చాలా మునిగేది ఇక్కడే.

ఎక్కడ చదవొచ్చు?

పిడి దగ్గర మొదలైన ఆసక్తి తోలు, పాదరక్షల రంగం వైపు మళ్లితే ఈ దారులున్నాయి.

ఎఫ్‌డీడీఐ: కేంద్ర వాణిజ్య శాఖ కింద పనిచేసే ఈ సంస్థ 1986లో మొదలైంది. 2017 చట్టంతో జాతీయ ప్రాధాన్య సంస్థ అయింది. హైదరాబాద్‌లోనూ క్యాంపస్ ఉంది. ఇంటర్ తర్వాత నాలుగేళ్ల బీడిజైన్‌లో పాదరక్షలు, తోలు వస్తువుల విభాగాలున్నాయి. ప్రవేశానికి ఆల్ ఇండియా సెలక్షన్ టెస్ట్ రాయాలి.

సీఎల్‌ఆర్‌ఐ, చెన్నై: 1948లో ఏర్పడిన కేంద్ర తోలు పరిశోధన సంస్థ. తోలు రసాయనం, సాంకేతికత మీద ఆసక్తి ఉన్న సైన్స్ విద్యార్థులు దీనిపై దృష్టి పెట్టొచ్చు.

సీఎఫ్‌టీఐ, చెన్నై: ఎంఎస్‌ఎంఈ శాఖ ఆధ్వర్యంలోని పాదరక్షల శిక్షణ సంస్థ. చేతి పని నేర్పే కోర్సులకు పేరున్నది.

ఐటీఐ: లెదర్ గూడ్స్ మేకర్, ఫుట్‌వేర్ మేకర్ ట్రేడ్లు ఉన్నాయి. అన్నిచోట్లా ఉండవు కాబట్టి కౌన్సెలింగ్‌కు ముందే ఏ ఐటీఐలో ఉన్నాయో చూసుకోండి.

ఇంట్లో అమ్మానాన్నలు ఇప్పటికే చేతివృత్తిలో ఉంటే, 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం గురించి వాళ్లకు చెప్పండి. 18 వృత్తుల జాబితాలో వడ్రంగి, చర్మకారులు, బొమ్మల తయారీదారులు ఉన్నారు. శిక్షణ రోజుల్లో రోజుకు ₹500 స్టైపెండ్, పనిముట్లకు ₹15,000 వరకు సాయం, 5 శాతం వడ్డీకి మొదట ₹లక్ష, తర్వాత ₹2 లక్షల వరకు రుణం పథకంలో భాగం. కుటుంబంలో ఒక్కరికే వర్తిస్తుంది. దరఖాస్తు కామన్ సర్వీస్ సెంటర్‌లో.

‘చెప్పులు కుట్టే పనా?’

ఈ మాట ఇంట్లోనో, హాస్టల్లోనో ఎవరో ఒకరు అంటారు. తోలు పనిని ఒక కులానికి అంటగట్టి, ఆ పని చేసినవాళ్లనే ఊరి బయట ఉంచిన చరిత్ర మనది. జాషువా 1941లో ‘గబ్బిలం’ రాసినప్పుడు చెప్పులు కుట్టి బతికే మనిషినే కథానాయకుణ్ని చేశారు. ఇప్పుడు అదే చేతికుట్టుకు విదేశీ బ్రాండ్లు లక్షల ధర కడుతున్నాయి, కళాశాలలు డిగ్రీలిస్తున్నాయి. పనికి గౌరవం పెరిగి, తరతరాలుగా ఆ పని చేసిన మనిషికి పెరగకపోతే అది న్యాయం కాదు.

కాబట్టి మీరు చేసిన మొదటి పిడిని ఇన్‌స్టాలో పెట్టే ముందు, మీ ఊళ్లో రోజూ ఆరె పట్టే పెద్దాయనకో, పెద్దమ్మకో ఇచ్చి వారం వాడమనండి. ఎక్కడ నొప్పి పెట్టింది, ఎక్కడ జారింది, ఏం మార్చాలి అని అడిగి రాసుకోండి. వాళ్లు చెప్పినదానికి, వాళ్ల టైముకు డబ్బు ఇవ్వండి. ఆ నోట్స్ ప్రకారం రెండో పిడి చేయండి, తర్వాత మూడోది. మూడు పిడులు, వాటి పక్కన ఆ కాగితాలు... ఇంటర్వ్యూ బల్ల మీద పెట్టడానికి అంతకంటే మంచి పోర్ట్‌ఫోలియో ఏముంటుంది!