ఆమేన్ అన్న తరువాత



మన ఆరాధనలో పసిపిల్లలు సైతం గట్టిగా పలికే మాట ఒకటున్నది. అదే ‘ఆమేన్’. చాలామందికి అది ప్రార్థన ముగిసింది, ఇక కన్నులు తెరవవచ్చునని తెలిపే గుర్తు మాత్రమే. అయితే ఈ చిన్న మాట అనేక భాషలు దాటి, అనేక అర్థములు మోసుకొని మన యొద్దకు వచ్చినది.

ఇది హెబ్రీ మాట. స్థిరముగా ఉండుట, నమ్మదగినదై ఉండుట అని దాని మూలార్థం. పాత నిబంధనను గ్రీకులోనికి తర్జుమా చేసినవారు చాలాచోట్ల దీనిని ‘అలాగు జరుగును గాక’ అను భావముతో వ్రాశారు. మన ప్రభువు ఈ మాటను చివర కాక, తన బోధకు ముందే పలికాడు. అక్కడ మన తెలుగు బైబిలులో ‘నిశ్చయముగా’ అని చదువుకొంటున్నాం. మన పొరుగున ఉన్న ముస్లిములు ‘ఆమీన్’ అని పలికి, తమ మనవి ఆలకించుమని కోరుకొంటారు.

మొదట ఈ మాటకున్న బరువు ఎంతటిదో చూడండి. ద్వితీయోపదేశకాండము 27వ అధ్యాయంలో 12 శాపములున్నవి. ప్రతిదానికి ప్రజలందరూ ఆమేన్ అనవలెను. పొరుగువాని సరిహద్దు రాయిని జరిపినవాని మీద కూడ అందులో శాపమున్నది. రహస్యంగా గట్టు జరిపినవాడు ఆ గుంపులో నిలిచి ఆమేన్ అంటే, తన తీర్పు తానే చెప్పుకొన్నట్టు.

నెహెమ్యా 5వ అధ్యాయంలో బీదలు కరువునుబట్టి పొలములు, ఇండ్లు కుదువబెట్టి, బిడ్డలను దాసులుగా అప్పగించి మొఱ్ఱపెట్టారు. అప్పిచ్చినవారు పరాయివారు కారు, స్వజనులే. నెహెమ్యా గద్దింపగా, అన్నీ తిరిగి ఇచ్చివేతుమని వారు ఒప్పుకొన్నారు. అతడు వారిచేత ప్రమాణము చేయించి, మాట తప్పినవానిని దేవుడు ఇట్లే దులిపివేయునని తన ఒడి దులిపాడు. సమాజమంతా ఆమేన్ అన్నది. అన్న ప్రకారమే జరిగించారు కూడ.

మన తెలుగులో ‘సరే’ అనే మాట ఉన్నది గదా! పెండ్లి మాటలలో సరే అంటే మాట ఇచ్చినట్టే. బాకీ అడగవచ్చినవానితో ‘సరే, చూద్దాంలే’ అంటే సాగనంపినట్టే. మన ఆమేన్ ఈ రెండింటిలో ఏది? కుటుంబ సమాధానం కొరకైన ప్రార్థనకు ఆమేన్ అని, గట్టు తగాదాతో తమ్ముని గడప తొక్కని అన్నలు మన సంఘములలో లేరా? ఆమేన్ అని ఇంటికి వెళ్లి, కోడలిని కట్నం కొరకు నిలదీసే అత్తమామలు లేరా?

వచ్చే ఆదివారము ఆమేన్ అనకముందు, ఏ ప్రార్థనకు ఒప్పుకొంటున్నామో చెవియొగ్గి విందాం. ఆ వారములోగా చేయవలసిన దానిని చేసి ముగిద్దాం. ప్రభువు అట్టి కృప మనకు దయచేయును గాక. ఆమేన్.