అడవి పందికి ఏ తూటా..? నాటు తుపాకీ ఎందుకు పనికిరాదు? ఉదయగిరి, ఆత్మకూరు రైతులు తెలుసుకోవాల్సిన విషయాలివే!

పంట చేతికొచ్చే వేళకు అడవి పందుల మంద చేలో దిగిందంటే అంతే.. తెల్లారేసరికి మిగిలేది తవ్వి పోసిన మట్టే. వెలిగొండ కొండలను ఆనుకుని ఉన్న ఉదయగిరి, సీతారామపురం, మర్రిపాడు, అనంతసాగరం మండలాల మెట్ట రైతులకు ఈ బాధ కొత్త కాదు. "ఒక్క తూటాతో పీడ వదిలించుకుందాం" అనిపించడం కూడా సహజమే. కానీ ఏ తూటా? ఏ తుపాకీ? అసలు ఎవరు కాల్చొచ్చు? ఈ మూడింట్లో ఏది తప్పినా మనుషుల ప్రాణాలకే ముప్పు. పూర్తి వివరాలు ఇవీ..

ముందు చట్టం ఏం చెబుతోంది?

మన దేశంలో సరదా కోసం వేట లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని సెక్షన్ 9 ప్రకారం వేట నిషేధం. 2022లో చట్టాన్ని సవరించి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చారు. దాని ప్రకారం అడవి పంది ఇప్పుడు షెడ్యూల్ 2లో ఉంది. అనుమతి లేకుండా చంపితే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అదే పని పెనుశిల నరసింహ అభయారణ్యం లాంటి చోట చేస్తే శిక్ష ఇంకా ఎక్కువ. కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు.

అయితే చట్టంలోనే ఓ దారి కూడా ఉంది. పంది మనుషులకు గానీ, చేలో ఉన్న పంటకు గానీ ప్రమాదంగా మారితే సెక్షన్ 11 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్, లేదా ఆయన అధికారం ఇచ్చిన అధికారి కారణాలు రాసి, దాన్ని కాల్చేందుకు లిఖితపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. పంది మీదికి దూకితే ప్రాణరక్షణ కోసం చంపడం నేరం కాదు. పంట కోసమైతే మాత్రం కాగితం ఉండాల్సిందే.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఆయుధాల చట్టం, 1959 ప్రకారం పంట కాపలాకు గొట్టం ముందు నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్స్ ఇచ్చే వీలుంది. కానీ అది తుపాకీ దగ్గర పెట్టుకోవడానికి ఇచ్చిన లైసెన్స్ మాత్రమే. పందిని కాల్చడానికి ఇచ్చిన అనుమతి కాదు.

తూటా మీద ఆ నంబర్లు ఏంటి?

.22, .315, .30-06.. ఇవన్నీ దాదాపుగా బుల్లెట్ లావును అంగుళాల్లో చెప్పే లెక్కలు. .315 అంటే సుమారు 8 మిల్లీమీటర్లు. .30-06లో 06 అంటే 1906. అమెరికా సైన్యం ఆ తూటాను తీసుకున్న ఏడాది అది. 12 బోర్ లెక్క వేరు. ఒక పౌను సీసాన్ని 12 సమాన గుండ్లుగా చేస్తే, అందులో ఒక గుండు లావే ఆ గొట్టం లావు.

తుపాకీ పేల్చాక బుల్లెట్ ఎంత బరువుతో, ఎంత వేగంతో వెళ్తుందన్న దాన్ని బట్టి దెబ్బ బలం ఉంటుంది. దాన్ని జూళ్లలో కొలుస్తారు. గొట్టం దాటే క్షణంలో సుమారు లెక్కలు ఇలా ఉంటాయి.

* .22: 40 గ్రెయిన్ల చిన్న బుల్లెట్. బలం 200 జూళ్ల లోపే. కుందేలు సైజు జంతువులకు సరిపోతుంది. పందికి గాయం చేస్తుంది తప్ప పడగొట్టదు.
* 12 బోర్ ఒంటి గుండు: దగ్గర్లో బలం 3,000 జూళ్లు దాటుతుంది. గొట్టంలో గాడులు ఉండవు కాబట్టి 50 మీటర్లు దాటితే గురి నమ్మకం తగ్గుతుంది. పిట్టలకు వాడే సన్న రవ్వలైతే పంది తోలు కూడా సరిగా దాటవు.
* .315: మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలు తయారు చేసిన రైఫిల్. 244 గ్రెయిన్ల బరువైన బుల్లెట్, సుమారు 3,000 జూళ్లు. వంద మీటర్ల లోపు ఎంత పెద్ద అడవి పందికైనా చాలు.
* .30-06: 180 గ్రెయిన్ల బుల్లెట్‌తో సుమారు 3,900 జూళ్లు. ఎక్కువ దూరానికీ గురి నిలుస్తుంది.
* .375, .458 మాగ్నమ్: బలం 5,500 జూళ్లకు పైమాటే. ఇవి ఏనుగు, అడవిదున్న లాంటి భారీ జంతువుల కోసం పుట్టినవి. పంది కోసం వీటి అవసరమే లేదు.

మరి .303 సంగతేంటి? పందికి ఆ తూటా బలం సరిపోతుంది. కానీ అది సైన్యం, పోలీసులు వాడిన తూటా కావడంతో నిషేధిత బోర్ జాబితాలో ఉంది. మామూలు లైసెన్స్‌పై రాదు.

బలం ఒక్కటే చాలదు.. బుల్లెట్ ముక్కే కీలకం

బాగా ఎదిగిన మగ పంది వంద కిలోలు దాటుతుంది. దాని భుజాల మీద తోలు కింద దళసరి కవచం లాంటి పొర ఉంటుంది. ముక్కు మెత్తగా ఉండే 'సాఫ్ట్ నోస్' బుల్లెట్ లోపలికి వెళ్లాక పువ్వులా విచ్చుకుంటుంది. బలమంతా పంది ఒంట్లోనే దిగి, అది అక్కడికక్కడే పడిపోతుంది. పూర్తిగా గట్టి లోహం తొడిగిన బుల్లెట్ అలా కాదు. సన్నటి రంధ్రం చేసి అవతలికి వెళ్లిపోతుంది. పంది గాయంతో పొదల్లోకి పారిపోతుంది.

గాయపడిన పందే అసలు ప్రమాదం. తెల్లారి గడ్డి కోసానికో, మేకలు తోలుకునో వెళ్లేవాళ్లకు అది ఎదురైతే కోరలతో తొడలు చీల్చేస్తుంది. అందుకే అనుభవం ఉన్న షూటర్లు రెండో తూటా మీద ఆశ పెట్టుకోరు. గుండె, ఊపిరితిత్తులు ఉండే ముందుకాలి వెనక భాగం స్పష్టంగా కనిపిస్తేనే కాలుస్తారు. లేకపోతే వదిలేస్తారు.

తప్పిన తూటా ఎక్కడికి వెళ్తుంది?

ఇది ఎవరూ పెద్దగా పట్టించుకోని విషయం. .30-06 బుల్లెట్‌కు అడ్డు లేకపోతే మూడు కిలోమీటర్లకు పైగా వెళ్తుంది. చిన్నదనుకునే .22 కూడా కిలోమీటరు దాటుతుంది. మెట్ట చేలల్లో రాత్రిపూట కాపలా ఉండేది ఒక్కరే కాదు. పక్క చేలో మరో రైతు, గట్టు అవతల గొర్రెల మంద, దాని కాపరి ఉండొచ్చు. అందుకే మంచె మీద నుంచి కిందికి కాల్చడం, వెనక మట్టి కట్టో, కొండవాలో ఉండేలా చూసుకోవడం తప్పనిసరి. బలమైన తూటా ఎంచుకుంటే ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. 12 బోర్‌కు ఉన్న అనుకూలత కూడా ఇదే. దాని గుండు రైఫిల్ బుల్లెట్ అంత దూరం వెళ్లదు.

పాత వేటగాళ్లు ఏం వాడారు?

వెలిగొండలకు దక్షిణాన శేషాచలం అడవుల్లోని మామండూరు పులి కథ రాసిన కెన్నెత్ ఆండర్సన్ ఎక్కువగా నమ్ముకున్నది .405 వించెస్టర్ రైఫిల్. 1904లో వచ్చిన ఈ తూటాకు 300 గ్రెయిన్ల బుల్లెట్, సుమారు 4,300 జూళ్ల బలం ఉండేవి. కుమావూ కొండల్లో జిమ్ కార్బెట్ చేతిలో మాత్రం అంతకన్నా చిన్నదైన .275 రిగ్బీ ఉండేది. తూటాలు వేరైనా ఇద్దరిదీ ఒకటే పద్ధతి. దగ్గరికి వెళ్లి, చోటు చూసి కాల్చడమే.

నాటు తుపాకీ, నాటు బాంబు, కరెంటు తీగ.. మూడూ ముప్పే

నాటు తుపాకీలో మందు ఎంత, గుండు బరువెంత అన్న కొలత ఉండదు. ఈసారి చాలీచాలని దెబ్బ, ఇంకోసారి గొట్టమే పగిలి కాల్చినవాడి చేయి, కన్ను పోవడం.. రెండూ జరుగుతాయి. పైగా లైసెన్స్ లేకపోతే ఆయుధాల చట్టం కింద మరో కేసు. ఎరలో పెట్టే నాటు బాంబు పందికీ, పశువుకూ తేడా చూడదు. ఇక చేను చుట్టూ లాగిన కరెంటు తీగకు పక్క రైతు బలైతే అది మనిషి చావు కేసే.

కేరళ ఏం చేసింది?

2022లో కేరళ ప్రభుత్వం అడవి పందులపై నిర్ణయం తీసుకునే అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షులకు అప్పగించింది. వాళ్లు లైసెన్స్ ఉన్న తుపాకీ యజమానులతో కాల్పించొచ్చు. విషం, పేలుడు పదార్థాలు, కరెంటు మాత్రం వాడకూడదు. అంతకుముందు 2015 డిసెంబర్‌లో కేంద్రం బిహార్‌లో మనుబోతులను, అడవి పందులను కొంతకాలం హానికర జంతువులుగా ప్రకటించింది. 2016లో మొకామాలో హైదరాబాద్ షూటర్ నవాబ్ షఫత్ అలీ ఖాన్ బృందం 200కు పైగా మనుబోతులను కాల్చింది. దానిపై దేశవ్యాప్తంగా పెద్ద చర్చే నడిచింది.

మరి రైతు ఏం చేయాలి?

పంట పాడైన రోజే ఫొటోలు, వీడియోలు తీసి ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. నష్టం లెక్కకు రెవెన్యూ, వ్యవసాయ సిబ్బందిని పిలవాలి. పందులు పదేపదే వస్తుంటే ఊరంతా కలిసి సెక్షన్ 11 కింద చర్య కోరుతూ అర్జీ పెట్టొచ్చు. 2026 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమాలో అడవి జంతువుల నష్టానికీ చోటిస్తున్నట్టు కేంద్రం ప్రకటించింది. రాష్ట్రం నోటిఫై చేసిన ప్రాంతాలకే అది వర్తిస్తుంది. 72 గంటల్లోపు యాప్‌లో నమోదు చేయాలి.

అనుమతి వచ్చాక కూడా కాల్చే పని శిక్షణ ఉన్న షూటర్‌కే వదిలేయాలి. చచ్చిన పంది ప్రభుత్వ ఆస్తి. మాంసం పంచుకున్నా, అమ్మినా మళ్లీ కేసే. తూటా ఏదన్న ప్రశ్నకు .315, .30-06, దగ్గర్లో అయితే 12 బోర్ ఒంటి గుండు అన్నది సమాధానం. కానీ తుపాకీలో తూటా పెట్టేముందు చేతిలో అనుమతి కాగితం, పంది వెనక మట్టి కట్ట.. ఈ రెండూ ఉన్నాయో లేదో చూసుకోవాలి.