పాత ఆటలతో కొత్త ఊరికి: పెద్ద ఎస్‌ఎస్‌డీని ఎంచుకోవడం ఎలా?

పిల్లలూ, బదిలీ ఉత్తర్వు వచ్చిన ఇంట్లో మొదట మొదలయ్యే పని ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. ఏది లారీ ఎక్కాలి, ఏది ఎవరికైనా ఇచ్చేయాలి, ఏది మనతోపాటు చేతిసంచిలో రావాలి అని సామాన్ల లెక్క తీస్తాం. కంప్యూటర్‌లో ఆటలు ఆడేవారికి ఇలాంటి లెక్కే ఇంకొకటి ఉంటుంది. డిస్క్ నిండిపోయిందని తెర మీద కనబడగానే ఏదో ఒక ఆటను తీసేయాలి. పెద్ద నగరంలో ఉంటే తీసేసినదాన్ని ఒక్క పూటలో మళ్లీ దించుకోవచ్చు. ఇంటర్నెట్ అంతంతమాత్రంగా ఉండే చోటికి వెళ్తే అది సాగదు. అందుకే మనలో చాలామంది ఇంట్లో "పెద్ద ఎస్‌ఎస్‌డీ కొనివ్వండి" అని అడుగుతుంటారు. అడిగేముందు ఏం చూసుకోవాలో తెలుసుకుందాం.

ఎస్‌ఎస్‌డీ అంటే ఏమిటి?

పాత హార్డ్ డిస్క్‌లో గుండ్రటి పళ్లేలు గిర్రున తిరుగుతుంటాయి. చిన్న చేయి లాంటి భాగం వాటి మీదుగా కదులుతూ సమాచారాన్ని చదువుతుంది. కావలసిన చోటికి అది చేరడానికి సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగేవీ కదిలేవీ లేవు. అందులో ఉండేవి ఫ్లాష్ మెమరీ చిప్పులు. 1980లలో జపాన్‌లోని తోషిబా కంపెనీ ఇంజనీరు ఫుజియో మసుఓకా రూపొందించిన ఈ మెమరీయే మన ఫోన్లలో, పెన్‌డ్రైవ్‌లలో కూడా ఉంది. దీనిలో సమాచారం దొరకడానికి మిల్లీసెకనులో పదో వంతు చాలు. అందుకే ఆట త్వరగా తెరుచుకుంటుంది.

మనకు ఇంకో లాభం కూడా ఉంది. కదిలే భాగాలు లేవు కాబట్టి లారీ ప్రయాణంలో గతుకులకు ఎస్‌ఎస్‌డీ అంత తేలిగ్గా దెబ్బతినదు.

ఎంత పెద్దది కావాలి?

కాగితం, పెన్ను తీసుకోండి. 1 టీబీ అని రాసి ఉన్న డ్రైవ్‌ను విండోస్ 931 జీబీగా చూపిస్తుంది. ఇది మోసం కాదు. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కిస్తుంది, విండోస్ 1,024 చొప్పున లెక్కిస్తుంది. అలాగే 512 జీబీ డ్రైవ్ 476 జీబీగా కనిపిస్తుంది.

ఆ 476లో విండోస్, ఇతర ప్రోగ్రాములు, బడి పని, ఫొటోలు కలిపి 100 జీబీ అనుకుందాం. 2020లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 150 జీబీ చోటు అడుగుతుంది. ఫోర్జా హొరైజన్ 5 అనే కార్ల పందేల ఆట 110 జీబీ అడుగుతుంది. మొత్తం 360 అయింది. డ్రైవ్ పూర్తిగా నిండితే రాసే వేగం తగ్గుతుంది కాబట్టి 15 శాతం, అంటే సుమారు 70 జీబీ, ఖాళీగా వదలాలి. ఇక మిగిలింది 46 జీబీ. మూడో పెద్ద ఆటకు చోటు లేదు.

అదే లెక్క 1 టీబీకి వేస్తే, అవే రెండు ఆటలు పెట్టి 15 శాతం ఖాళీ వదిలాక కూడా 430 జీబీ దాకా మిగులుతుంది. మనలో ఎక్కువమందికి ఇది చాలు. నాలుగైదు పెద్ద ఆటలు ఒకేసారి ఉంచుకునేవారు, వీడియోలు తీసి దాచుకునేవారు 2 టీబీ ఆలోచించవచ్చు. కొట్లో ధరను జీబీలతో భాగించి, ఒక్కో జీబీకి ఎంత పడుతుందో చూడండి. చాలాసార్లు 512 జీబీ కంటే 1 టీబీలో ఒక్కో జీబీ చవగ్గా పడుతుంది.

తీసేసి మళ్లీ దించుకుంటే పోలేదా అంటారా? దానికీ లెక్క ఉంది. ఒక బైటుకు 8 బిట్లు. 150 జీబీ ఆటను 10 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో దించడానికి 33 గంటలకు పైగా పడుతుంది. రోజుకు 2 జీబీ వచ్చే మొబైల్ డేటా మీద ఆధారపడితే 75 రోజులు. నగరంలోని 100 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో మూడున్నర గంటలు కూడా పట్టదు. కాబట్టి ఎంత పెద్ద డ్రైవ్ కావాలన్నది మీరు వెళ్లబోయే ఊరిని బట్టి కూడా ఉంటుంది. అయితే కొన్ని ఆటలు ఆడుతున్నంతసేపూ ఇంటర్నెట్ అడుగుతాయి. అలాంటివాటికి డ్రైవ్ ఎంత పెద్దదైనా ప్రయోజనం లేదు.

మన కంప్యూటర్‌కు ఏది సరిపోతుంది?

ఎస్‌ఎస్‌డీలు ముఖ్యంగా రెండు ఆకారాల్లో దొరుకుతాయి. ఒకటి 2.5 అంగుళాల పెట్టె లాంటిది. దీన్ని సాటా కేబుల్‌తో కలుపుతారు. రెండోది చూయింగ్ గమ్ బిళ్లలా పొడవుగా ఉండే ఎం.2. దాని మీద 2280 అని ఉంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు అని అర్థం. 2230, 2242 అనే పొట్టివీ ఉన్నాయి.

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఎం.2 అనేది ఆకారం పేరు మాత్రమే. ఆ ఆకారంలోనే సాటా రకమూ ఉంది, ఎన్‌వీఎంఈ రకమూ ఉంది. మీ మదర్‌బోర్డు ఏ రకాన్ని తీసుకుంటుందో, ఎన్ని స్లాట్లు ఉన్నాయో దాని పుస్తకంలో చూడండి. కొన్ని బోర్డుల్లో రెండో ఎం.2 స్లాట్ వాడితే ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయవు. ఆ సంగతి కూడా అందులోనే రాసి ఉంటుంది. ల్యాప్‌టాప్ అయితే రెండో స్లాట్ ఉందో లేదో ముందే తెలుసుకోవాలి.

ఎంత వేగం అవసరం?

హార్డ్ డిస్క్ సెకనుకు 100 నుంచి 200 ఎంబీ దాకా చదువుతుంది. సాటా ఎస్‌ఎస్‌డీ సుమారు 550 ఎంబీ, మూడో తరం ఎన్‌వీఎంఈ సుమారు 3,500 ఎంబీ, నాలుగో తరం సుమారు 7,000 ఎంబీ. అంకెలు చూస్తే పెద్దదే కొనాలనిపిస్తుంది. కానీ హార్డ్ డిస్క్ నుంచి ఏదో ఒక ఎస్‌ఎస్‌డీకి మారినప్పుడు కనిపించేంత తేడా, ఒక ఎస్‌ఎస్‌డీ నుంచి ఇంకా వేగమైనదానికి మారినప్పుడు కనిపించదు. చాలా ఆటల్లో అది కొన్ని సెకన్లే. పైగా మదర్‌బోర్డు మూడో తరానిదైతే నాలుగో తరం డ్రైవ్ పెట్టినా మూడో తరం వేగమే వస్తుంది. ఆట నడుస్తున్నప్పుడు బొమ్మ ఎంత సాఫీగా కదులుతుందన్నది గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ల పని. అందుకే ఉన్న డబ్బుతో వేగం కంటే చోటు ఎక్కువ కొనుక్కోవడం మేలు.

పెట్టె మీద ఏం చదవాలి?

ఒక్కో మెమరీ గదిలో మూడు బిట్లు దాచేది టీఎల్‌సీ, నాలుగు దాచేది క్యూఎల్‌సీ. రెండోది చవక. కానీ పెద్ద ఫైళ్లు ఏకధాటిగా రాస్తే నెమ్మదిస్తుంది, త్వరగా అరుగుతుంది. టీబీడబ్ల్యూ అనే అంకె వారంటీ కాలంలో ఎంత సమాచారం రాసేదాకా కంపెనీ పూచీ ఉంటుందో చెబుతుంది. 600 అని ఉంటే 600 టీబీ. రోజుకు 50 జీబీ చొప్పున రాసినా అంత రాయడానికి 32 ఏళ్లు దాటుతుంది. కాబట్టి దాని గురించి బెంగ అక్కర్లేదు.

వారంటీ మూడేళ్లా, ఐదేళ్లా అన్నది మాత్రం చూడాలి. కొన్న ఊరిలో మనం మూడేళ్లు ఉంటామన్న నమ్మకం లేదు కదా! బిల్లును ఫొటో తీసి ఈమెయిల్‌లో దాచుకోండి. దేశంలో ఎక్కడి నుంచైనా వారంటీ అడగవచ్చో లేదో కొనేముందే తెలుసుకోండి. నమ్మలేనంత చవకగా 16 టీబీ అంటూ అమ్మే పేరులేని డ్రైవ్‌ల జోలికి వెళ్లకండి. అలాంటివాటి లోపల చిన్న మెమరీ కార్డు మాత్రమే ఉన్న సందర్భాలు చాలా బయటపడ్డాయి.

మార్చేముందు

ఆటను మళ్లీ దించుకోవచ్చు, ఆలస్యమైనా సరే. మళ్లీ దొరకనివి వేరే ఉన్నాయి. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌లో మీరు మొదలుపెట్టిన ప్రపంచం మీ కంప్యూటర్‌లోనే, సేవ్స్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. పాత బడి స్నేహితులతో కలిసి అందులో కోట కట్టి ఉంటే, ఆ కోట ఇంకెక్కడా లేదు. వీడ్కోలు రోజు ఫొటోలూ అంతే. పాత డ్రైవ్ విప్పేముందు వీటిని వేరే డ్రైవ్‌లోకి నకలు తీసి, తెరిచి చూడండి. విండోస్‌లో బిట్‌లాకర్ ఉంటే దాని రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాతే పెద్దవాళ్లను పక్కన పెట్టుకుని, కరెంటు తీసేసి, లోహపు క్యాబినెట్‌ను ఒకసారి తాకి పని మొదలుపెట్టాలి. ఎం.2 స్లాట్ దగ్గరి బుల్లి మర చేయి జారితే దొరకదు. ముందుగా ఒక గిన్నె పెట్టుకోండి.

కొత్త డ్రైవ్ ఎంత పెద్దదైనా అది ఒక్కటే నకలు కాదు. ఒకే చోట ఉన్నది ఒకేసారి పోవచ్చు. కాబట్టి బదిలీ రోజున కంప్యూటర్ లారీలో వస్తే, నకలు ఉన్న డ్రైవ్ మన చేతిసంచిలో ఉండాలి. కొత్త ఊళ్లో ఇంటర్నెట్ కనెక్షన్ వచ్చేదాకా ఆటలు సిద్ధంగా ఉంటాయి. పాత స్నేహితులతో కట్టిన కోట కూడా చెక్కుచెదరదు.