లేనిది ఒకటి, లేదన్నది మరొకటి

నా పైథాన్ స్క్రిప్టు నా దగ్గర బాగానే నడుస్తుంది, స్నేహితుడి కంప్యూటర్లో మొదటి లైన్లోనే ఆగిపోతోంది, ఎందుకని ఒక పాఠకుడు అడిగారు. పని ఎంతవరకు వచ్చిందో గీతగా చూపించే టీక్యూడీఎం లైబ్రరీ అక్కడ లేదట. గీత కనబడకపోతే పని ఆగక్కర్లేదు. ఇంపోర్టును ట్రైలో పెట్టి, అది కుదరకపోతే ఎక్సెప్ట్‌లో మామూలు లూపుతో సరిపెట్టుకోవచ్చు. పైథాన్ సొంత లైబ్రరీ చేసేదీ ఇదే. హీప్‌క్యూ ఫైలు తన చివర్లో సీ భాషలో రాసిన వేగవంతమైన రూపం కోసం చూస్తుంది, దొరక్కపోతే పైన పైథాన్‌లో రాసుకున్నదే వాడుకుంటుంది.

అసలు విషయమంతా ఎక్సెప్ట్ పక్కన ఏ ఎర్రర్ పేరు రాస్తామన్నదాంట్లో ఉంది. చాలామంది ఇంపోర్ట్‌ఎర్రర్ అని రాసేస్తారు, కొందరు అదీ రాయరు. ఇంపోర్ట్ అనగానే పైథాన్ ఆ లైబ్రరీ ఫైలును మొదటి లైను నుంచి నడుపుతుంది. అది ఇంకొన్నిటిని ఇంపోర్ట్ చేస్తుంది, అవి మరికొన్నిటిని. అట్టడుగున ఎక్కడ ఏది దొరక్కపోయినా ఆ ఎర్రర్ అంచెలంచెలుగా పైకొచ్చి మన ఎక్సెప్ట్‌లోనే పడుతుంది. సర్వర్లలో బొమ్మలతో పనిచేసే ఓపెన్‌సీవీ లైబ్రరీతో తరచూ జరిగేది చూడండి. లైబ్రరీ ఉంటుంది, దానికి కావలసిన లిబ్‌జీఎల్ అనే సిస్టమ్ ఫైలు ఉండదు. స్క్రిప్టేమో ఓపెన్‌సీవీ లేదంటుంది, లైబ్రరీలను ఇన్‌స్టాల్ చేసే పిప్‌ని అడిగితే ఇప్పటికే ఉందంటుంది. మధ్యలో వాడుకునే మనిషి నలిగిపోతాడు.

2016లో వచ్చిన పైథాన్ 3.6 దీనికి మందు ఇచ్చింది. మాడ్యూలే దొరకనప్పుడు వచ్చేది ఇప్పుడు మాడ్యూల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్. దాన్నొక్కదాన్నే పట్టుకుంటే లిబ్‌జీఎల్ గొడవ దాగకుండా బయటపడుతుంది. ఇంకా అందమైన సంగతి, ఆ ఎర్రర్ వెంట నేమ్ అనే గుణం ఉంటుంది. గ్రాఫులు గీసే మాట్‌ప్లాట్‌లిబ్ ఉండి, దానికి కావలసిన నంపై లేకపోతే అందులో నంపై పేరే ఉంటుంది. మనం వెతికిన పేరే అయితే సర్దుకుపోవాలి, వేరేదైతే ఎర్రర్‌ను మళ్లీ రెయిజ్ చేయాలి. ఒక్క ఇఫ్‌తో అబద్ధం ఆగిపోతుంది!

ముందే ఫైండ్‌స్పెక్‌తో చూసుకుంటే చాలదా అనేవాళ్లున్నారు. అది ఫైలు ఎక్కడుందో వెతుకుతుందే తప్ప నడిపి చూడదు. లిబ్‌జీఎల్ లేని ఓపెన్‌సీవీని కూడా ఉందనే చెబుతుంది.

ఎక్సెప్ట్‌లో లైబ్రరీ పేరుకు నన్ అని రాసి ఊరుకునేవాళ్ల మీద మాత్రం నాకు కోపమే. గంటసేపు లెక్కలు వేసి, తీరా గ్రాఫు గీసే వేళకు నన్‌టైప్‌కు ఫలానా గుణం లేదంటూ స్క్రిప్టు కూలిపోతుంది. పట్టికలతో పనిచేసే పాండాస్ లైబ్రరీ అలా చేయదు. ఎక్సెల్ ఫైలు తెరవమన్నప్పుడు దానికి కావలసిన ఓపెన్‌పైఎక్సెల్ లేకపోతే, ఆ పేరే చెప్పి పిప్‌తోనో కాండాతోనో ఇన్‌స్టాల్ చేసుకోమంటుంది. టీక్యూడీఎం లేకపోతే మాట్లాడకుండా సాగిపోవచ్చు. గ్రాఫు కావాలని అడిగినవాళ్లకు మాత్రం గీయలేనన్న మాట లెక్కలు మొదలుపెట్టకముందే చెప్పాలి.