వంద రూపాయల భోజనంలో బియ్యం ఖర్చు ఎంత?

ఒక మనిషి మధ్యాహ్నం తృప్తిగా తినే 400 గ్రాముల అన్నానికి దాదాపు 150 గ్రాముల బియ్యం పడుతుంది. కిలో 50 రూపాయల బియ్యమే అనుకున్నా అది ఏడున్నర రూపాయలు. ఇంకో రెండు గరిటెలు మారు వడ్డించినా పది, పదకొండు దాటదు. అదే భోజనానికి ఊరి నడిబొడ్డున వంద రూపాయలో, అంతకన్నా ఎక్కువో చెల్లిస్తున్నాం. సర్కారు క్యాంటీన్లో అయిదు రూపాయలకే చేతికి వస్తోంది. ఇంత తేడా ఎక్కడినుంచి వస్తోందో తెలియాలంటే విస్తట్లో ఉన్నదాన్ని పక్కనబెట్టి, విస్తరి వెనకాల ఉన్న ఖర్చును చూడాలి.

తమిళనాడులో సోగత్తూరు నుంచి ధర్మపురి టౌనుకు పనిమీద వచ్చేవాళ్ళకు ఇది రోజూ ఎదురయ్యే లెక్కే. కలెక్టరాఫీసు, కోర్టు, మెడికల్ కాలేజీ ఆసుపత్రి, బస్టాండు అన్నీ టౌనులోనే. పని ఒంటిగంటకు తెమలదు, ఇంటికి వెళ్ళి తిని రావడం కుదరదు. 2025-26లో తమిళనాడులో ఉపాధి హామీ దినకూలి 336 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 307. వంద రూపాయల భోజనం చేస్తే ధర్మపురి కూలీకి ఆ రోజు సంపాదనలో దాదాపు 30 శాతం ఒక్క పూటకే పోతుంది. ఆంధ్రా కూలీకైతే మూడో వంతు. అయిదు రూపాయల భోజనమైతే ఒకటిన్నర శాతం. చవక భోజనం అందుకే కొంతమందికి వెసులుబాటు కాదు, ఆ పూట తినడమా మానడమా అన్న ప్రశ్న.

ముందు సర్కారు లెక్క చూద్దాం, ఎందుకంటే అక్కడ గ్రాములతో సహా అన్నీ కాగితం మీద ఉన్నాయి. తమిళనాడులో అమ్మ ఉణవగం, అంటే అమ్మ క్యాంటీన్, 2013 ఫిబ్రవరిలో చెన్నైలో మొదలైంది. ఇడ్లీ రూపాయి, పొంగలి అయిదు, సాంబారన్నం అయిదు, పెరుగన్నం మూడు, సాయంత్రం రెండు చపాతీలు మూడు రూపాయలు. తర్వాత మిగతా పట్టణాలకు, ప్రభుత్వ ఆసుపత్రుల ఆవరణలకు విస్తరించింది. నడిపేది స్వయం సహాయక సంఘాల మహిళలు. హైదరాబాద్‌లో జీహెచ్ఎంసీ అయిదు రూపాయల భోజనం 2014 మార్చిలో నాంపల్లి సరాయి దగ్గర మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్లు 2018 జులైలో విజయవాడలో, బెంగళూరులో ఇందిరా క్యాంటీన్లు 2017 ఆగస్టులో వచ్చాయి. ఇందిరా క్యాంటీన్లో టిఫిను అయిదు, భోజనం పది.

అన్న క్యాంటీన్ మధ్యాహ్న భోజనంలో అన్నం 400 గ్రాములు, కూర 100, పప్పు లేదా సాంబారు 120, పెరుగు 75, పచ్చడి 15. మొత్తం 710 గ్రాములు. 2024లో తిరిగి తెరిచినప్పుడు ఖరారైన లెక్క ప్రకారం ఒక మనిషికి మూడు పూటలకూ అయ్యే ఖర్చు 90 రూపాయలు: టిఫినుకు 22, రెండు భోజనాలకు 34 చొప్పున. తినేవాళ్ళు ఇచ్చేది 15, ప్రభుత్వం వేసేది 75. అంటే అయిదు రూపాయల భోజనం నిజానికి 34 రూపాయల భోజనం. హైదరాబాద్‌లో 2025లో పేరు మార్చుకుని ఇందిరమ్మ క్యాంటీన్లుగా వచ్చిన చోట భోజనం ఖర్చు 29 రూపాయల 83 పైసలు. అందులో 24.83 జీహెచ్ఎంసీ భరిస్తుంది.

ఇంట్లో వండుకుంటే ఎంతవుతుందన్నదానికి క్రిసిల్ సంస్థ నెలనెలా ఒక అంచనా ఇస్తుంది. రోటీ, అన్నం, పప్పు, ఉల్లి టమాటా బంగాళాదుంపల కూర, పెరుగు, సలాడ్ కలిసిన శాకాహార పళ్ళేనికి 2025 అక్టోబరులో 27 రూపాయల 80 పైసలు. మన భోజనానికీ ఆ పళ్ళేనికీ పదార్థాల్లో తేడా ఉన్నా, మూడు లెక్కలూ 28కీ 34కీ మధ్యే తిరుగుతున్నాయి. కాబట్టి పూట భోజనం సరుకుల విలువ ముప్పై రూపాయలకు అటూ ఇటూ అని ధైర్యంగా అనుకోవచ్చు. హోటల్లో వంద ఇస్తే మిగిలిన డెబ్బై ఎక్కడికి పోతున్నట్టు?

యజమానికి మిగులుతుందని చాలామంది అనుకుంటారు. సెంటర్లో అద్దెలు మండిపోతున్నాయి కాబట్టి అద్దెకు పోతుందని ఇంకొందరంటారు. ఒక ఊహా లెక్క వేసి చూద్దాం. ఇవి ఏ ఒక్క హోటలువీ కావు, లెక్క అర్థం కావడానికి పెట్టుకున్న అంకెలు. బస్టాండు పక్కన నెలకు 60 వేల అద్దె, రోజుకు 600 కూలితో 11 మంది పనివాళ్ళు, రోజుకు 250 భోజనాలు. రోజు అద్దె 2,000, జీతాలు 6,600, రెండూ కలిపి 8,600. దాన్ని 250తో భాగిస్తే భోజనానికి 34 రూపాయల 40 పైసలు. ఇప్పుడు ఊరి అంచున, సోగత్తూరు లాంటి చోట, నెలకు 10 వేల అద్దెకు ఒక చిన్న హోటల్. నలుగురు పనివాళ్ళు, రోజుకు 60 భోజనాలు. అద్దె 333, జీతాలు 2,400, మొత్తం 2,733. భోజనానికి 45 రూపాయల 55 పైసలు.

అద్దె ఆరో వంతే ఉన్న చోట భోజనం మీద పడే బరువు పదకొండు రూపాయలు ఎక్కువ! అద్దె కన్నా జీతాల వాటా ఎన్నో రెట్లు పెద్దది, ఆ రెండూ ఒక్కో భోజనం మీద ఎంత పడతాయన్నది ఎంతమంది తిన్నారన్నదాని మీద ఆధారపడుతుంది. వచ్చిన మనిషి లేవగానే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చునే చోటే భోజనం చవకగా ఇవ్వగలుగుతారు. జనం తక్కువైతే అదే సెంటర్ హోటలుకు కూడా కష్టమే: 250కి బదులు 150 మందే వస్తే అదే 8,600 భోజనానికి 57 రూపాయలు దాటుతుంది. వానరోజున మెస్సు యజమాని ముఖం ఎందుకు వాడిపోతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

మరి ఊరి అంచుల్లో చవగ్గా పెట్టేవాళ్ళు ఎలా పెడుతున్నారు? అక్కడ చాలాచోట్ల వండేది ఇంటావిడ, వడ్డించేది ఆమె భర్త, గిన్నెలు కడిగేది అత్తగారో పెద్ద కూతురో. వాళ్ళెవరికీ జీతం లేదు. పై లెక్కలో నలుగురి కూలి 2,400 తీసేస్తే భోజనం మీద పడేది అయిదున్నర రూపాయలే. సర్కారు క్యాంటీన్లో 29 రూపాయలు ఖజానా వేస్తోంది. ఇంటి మెస్సులో 40 రూపాయలు జీతం లేకుండా పనిచేసే ఆ ఇంటివాళ్ళు వేస్తున్నారు. మొదటి సబ్సిడీ బడ్జెట్ పుస్తకాల్లో కనిపిస్తుంది, దాని మీద శాసనసభలో చర్చలు జరుగుతాయి. రెండోది ఆ పుస్తకాల్లో కనిపించదు. ఈ విషయంలో నాకు బాధ కలిగించేది ఇదే.

ఇక గ్యాసు, పన్నులు. హోటళ్ళు వాడాల్సింది 19 కిలోల కమర్షియల్ సిలిండర్. ఇంటి సిలిండర్‌పై జీఎస్టీ 5 శాతమైతే దీనిపై 18 శాతం. మామూలు హోటళ్ళు 2017 నవంబరు నుంచి భోజనంపై 5 శాతం పన్ను వేస్తున్నాయి, కానీ కొన్న సరుకులపై కట్టిన పన్నును అవి వెనక్కి రాబట్టుకోలేవు. గ్యాసుపై కట్టిన ఆ 18 శాతం అలాగే భోజనం ధరలో కలిసిపోతుంది. వంద రూపాయల భోజనంపై జీఎస్టీ అయిదు రూపాయలు. అన్న క్యాంటీన్లో ఒక పూట భోజనం ధర కూడా అంతే.

ఈ పన్ను విషయంలో తినేవాళ్ళు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఏడాది అమ్మకాలు 20 లక్షల లోపున్న హోటలుకు జీఎస్టీ రిజిస్ట్రేషనే అక్కర్లేదు. వంద రూపాయల లెక్కన అది రోజుకు దాదాపు 54 భోజనాలు. కోటిన్నర లోపు ఉన్నవాళ్ళు కాంపోజిషన్ పద్ధతి ఎంచుకోవచ్చు. అప్పుడు పన్ను వాళ్ళ జేబులోంచి కట్టాలి, మన బిల్లులో విడిగా వేయకూడదు. చిన్న మెస్సులో బిల్లు చివర జీఎస్టీ కనిపిస్తే, రిజిస్ట్రేషన్ నంబరు ఉందా, కాంపోజిషన్ అని రాసి ఉందా చూసుకోండి. సర్వీస్ ఛార్జీ కూడా బలవంతంగా వేయకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022లోనే మార్గదర్శకాలిచ్చింది.

కూరగాయలు చవకైనా హోటల్ బోర్డు మీద ధర ఎందుకు దిగదన్న అనుమానానికీ జవాబు ఈ అంకెల్లోనే ఉంది. క్రిసిల్ పళ్ళెం 2024 అక్టోబరులో 33 రూపాయల 30 పైసలుండేది. ఏడాదిలో అయిదున్నర రూపాయలు తగ్గింది, అంటే 17 శాతం. ధర్మపురి జిల్లా పాలక్కోడు మార్కెట్లో టమాటా పడిపోయి రైతు కళ్ళనీళ్ళు పెట్టుకున్నా, వంద రూపాయల భోజనంలో సరుకులది మూడో వంతే కాబట్టి హోటల్ ధరలో తగ్గగలిగేది అయిదారు రూపాయలు. జీతం, అద్దె, గ్యాసు పెరిగితే ఆ కాస్తా వాటికే పోతుంది.

సర్కారు క్యాంటీన్ల బోర్డు మీద ధర కూడా కదలదు, కానీ కారణం వేరు. హైదరాబాద్‌లో 2014లో అయిదు, ఇప్పుడూ అయిదే. అన్న క్యాంటీన్లో 2018లో మూడు పూటల ఖర్చు 73, ప్రభుత్వ వాటా 58. 2024లో ఖర్చు 90, వాటా 75. ఖర్చు 23 శాతం పెరిగితే ప్రభుత్వ భారం 29 శాతం పెరిగింది. పెరిగిన ప్రతి రూపాయీ ఖజానా మీదే పడుతోంది. అందుకే ఈ క్యాంటీన్లు ప్రభుత్వాల దయ మీద బతుకుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ప్రభుత్వం మారగానే మూతపడి, 2024 ఆగస్టు 15న గుడివాడలో మళ్ళీ తెరుచుకున్నాయి. ఆ అయిదేళ్ళూ అక్కడ తినే రిక్షా కార్మికుడు, ఆసుపత్రిలో రోగికి తోడున్న తల్లి ఏం తిన్నారో మనకు తెలియదు. అధికారం మారినా చెన్నైలో అమ్మ ఉణవగం మూతపడలేదు, 2024 జులైలో వాటి మరమ్మతులకు, పాత్రలకు 21 కోట్లు ప్రకటించారు. అన్నం పెట్టే చోట పార్టీ రంగు చూడకూడదన్న మర్యాదను ఈ ఒక్క విషయంలో తమిళనాడును చూసి నేర్చుకోవచ్చు.

చవక భోజనానికి ధర్మపురి వైపు ఇంకో దారి కూడా ఉంది. ఇది రాగి పండే నేల. 2023లో రేషన్‌లో రెండు కిలోల బియ్యానికి బదులు రెండు కిలోల రాగులు ఇచ్చే పథకాన్ని ప్రయోగంగా మొదలుపెట్టింది నీలగిరి, ధర్మపురి జిల్లాల్లోనే. 2025-26లో రాగుల మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు, అంటే కిలో 49 లోపు. వంద గ్రాముల రాగిపిండితో చేసే సంగటి ముద్దకు సరుకు ఖర్చు అయిదారు రూపాయలు. పైగా వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, తెల్లబియ్యంలో దాదాపు లేనట్టే. ఇంత దగ్గర్లో పండే తిండి టౌను నడిబొడ్డున ప్రతి చవక భోజనశాలలోనూ దొరకాలి.

చివరగా ఒక మనవి. అన్న క్యాంటీన్లో అన్నం ఎన్ని గ్రాములో, పెరుగు ఎన్ని గ్రాములో తెలుసు. వంద రూపాయలు తీసుకునే హోటల్ బోర్డు మీద ధరే ఉంటుంది, తూకం ఉండదు. అళవు సాపాడుకూ, అంటే కొలత భోజనానికీ, ఫుల్ మీల్స్‌కూ మధ్య ముప్పై రూపాయల తేడా ఉంటే, ఆ ముప్పైకి ఎంత ఎక్కువ వస్తుందో తినేవాళ్ళకు తెలియదు. వడ్డించే పరిమాణం, కేలరీలు చూపించాలన్న నిబంధన 2022 జులై నుంచి అమల్లో ఉంది కానీ, అది పది లేదా అంతకన్నా ఎక్కువ చోట్ల శాఖలున్న గొలుసు హోటళ్ళకు, కేంద్ర లైసెన్సు ఉన్నవాళ్ళకే. చిన్న హోటళ్ళు దీన్ని చట్టం చెప్పకముందే చేయవచ్చు. ధర పక్కన “అన్నం 400 గ్రాములు, మారు వడ్డన ఉంది” అని ఒక వరస రాస్తే ఖర్చేమీ కాదు. మధ్యాహ్నం మీరు తినే హోటల్లో ఆ మాట ఒకసారి అడగండి. ఇంటివాళ్ళే వండి పెట్టే మెస్సులో ధర పది రూపాయలు పెంచితే మాత్రం బేరమాడకండి, అది ఆ ఇంటి మనిషికి ఇన్నాళ్ళూ రాని కూలి.